డీఎస్3231 డ్రైవర్: చిప్ కాలం మరచిపోయినా కెర్నల్ 2000 జనవరి 1ని ఎందుకు నమ్ముతోంది?

ప్రశ్న

లినక్స్ కెర్నల్ డ్రైవర్లు రాయడం నేర్చుకోవడానికి ఐ2సీ బస్ (రెండు తీగలతో చిప్‌లను కలిపే దారి) మీద పనిచేసే డీఎస్3231 రియల్ టైమ్ క్లాక్ (ఆర్‌టీసీ) చిప్‌ను ఎంచుకున్నాను. కెర్నల్‌లో దీనికి ఇప్పటికే డ్రైవర్ ఉంది. అయినా రిజిస్టర్ల దగ్గర నుంచి సొంతంగా రాస్తేనే విషయం పట్టుబడుతుందని మొదలుపెట్టాను. ప్రోబ్ (చిప్‌ను గుర్తించి సిద్ధం చేసే ఫంక్షన్) సవ్యంగా నడుస్తోంది, ఆర్‌టీసీ0 అనే పరికరం కనిపిస్తోంది, టైమ్ రాసి తిరిగి చదివితే సరిగానే వస్తోంది. రెండు చిక్కులు మాత్రం మిగిలాయి.

బ్యాటరీ తీసి, బోర్డుకు కరెంటు కూడా ఆపి మళ్లీ ఆన్ చేస్తే సిస్టమ్ టైమ్ 2000 జనవరి 1 అర్ధరాత్రి నుంచి మొదలవుతోంది. చిప్‌లో టైమ్ చెరిగిపోవడంలో వింతేమీ లేదు గానీ, కెర్నల్ ఆ తేదీని ఏ అభ్యంతరమూ లేకుండా సిస్టమ్ గడియారంలోకి ఎక్కించుకోవడం ఎందుకో అర్థం కావడం లేదు. రెండోది, సెకనుకు పదిసార్లు టైమ్ చదివే చిన్న ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపితే, రెండు మూడు సార్లు టైమ్ దాదాపు ఒక నిమిషం ముందుకు దూకి, మరుసటి రీడింగ్‌లో వెనక్కి వచ్చింది. లాగ్‌లో ఒకచోట 10:59:59 తర్వాత 11:00:59, దాని వెంటనే 11:00:00 ఉన్నాయి.

ప్రోబ్‌లో కంట్రోల్, స్టేటస్ రిజిస్టర్లను శుభ్రమైన విలువలతో నింపుతున్నాను. టైమ్ చదివే రీడ్_టైమ్‌లో ఏడు రిజిస్టర్లను ఒకదాని తర్వాత ఒకటి చదివి, బీసీడీ (ఒక్కో దశాంశ అంకెను నాలుగు బిట్లలో రాసే పద్ధతి) నుంచి మామూలు సంఖ్యలుగా మారుస్తున్నాను.

మొదటి జవాబు

మీ మొదటి చిక్కుకు కారణం "శుభ్రమైన విలువలు" అన్న మాటలోనే ఉంది. డీఎస్3231 స్టేటస్ రిజిస్టర్‌లో ఏడో బిట్ (0 నుంచి లెక్కిస్తే) పేరు ఓఎస్ఎఫ్, అంటే ఆసిలేటర్ స్టాప్ ఫ్లాగ్. గడియారాన్ని నడిపే ఆసిలేటర్ ఎప్పుడైనా ఆగితే చిప్ ఆ బిట్‌ను 1 చేస్తుంది, మనం 0 రాసేదాకా అది అలాగే ఉంటుంది. మొదటిసారి కరెంటు వచ్చినప్పుడు, లేదా మెయిన్ సప్లై, బ్యాటరీ రెండూ ఆసిలేటర్‌ను నడపలేనంతగా పడిపోయినప్పుడు అది 1 అవుతుంది. అంటే "నా దగ్గరున్న టైమ్‌ను నమ్మవద్దు" అని చిప్ చెప్పగలిగిన ఒకే ఒక్క చోటు అది. మీ ప్రోబ్ ఆ సాక్ష్యాన్ని ఎవరూ చూడకముందే తుడిచేస్తోంది. తర్వాత రీడ్_టైమ్‌కు కనిపించేది పవర్ వచ్చినప్పుడు చిప్ తనంతట తాను పెట్టుకునే 2000 జనవరి 1. తేదీగా అందులో తప్పేమీ లేదు కాబట్టి ఆర్‌టీసీ కోర్ (ఆర్‌టీసీ డ్రైవర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే కెర్నల్ భాగం) చేసే పరీక్షలో అది నెగ్గుతుంది. ఇక సిస్టమ్ గడియారంలోకి వెళ్లకుండా దాన్ని ఆపేవారెవరు?

బిట్‌ను ప్రోబ్‌లో ముట్టుకోకండి. రీడ్_టైమ్ ముందుగా స్టేటస్‌ను చూడాలి, ఓఎస్ఎఫ్ 1గా ఉంటే మైనస్ ఈఇన్వాల్ (చెల్లని విలువ అని చెప్పే ఎర్రర్ కోడ్) తిప్పి పంపాలి. పీసీఎఫ్8563 చిప్‌కు కెర్నల్‌లో ఉన్న డ్రైవర్ తన ఓల్టేజీ తగ్గిన గుర్తు కనబడితే ఇదే చేస్తుంది. బిట్‌ను తుడిచే అధికారం టైమ్ రాసే సెట్_టైమ్‌కు మాత్రమే ఇవ్వాలి, అది కూడా కొత్త టైమ్ విజయవంతంగా రాసిన తర్వాతే. వరుస మారితే, ఐ2సీ మధ్యలో విఫలమైనప్పుడు పాత తప్పుడు టైమ్‌కే నమ్మదగినదన్న ముద్ర పడుతుంది.

మీరు డీఎస్1307 డ్రైవర్ ఫైల్ చూసి రాశారేమోనని నా అనుమానం. ఎన్నో చిప్‌లను ఒకే ఫైల్లో మోసే పాత డ్రైవర్ అది. నేను చదివిన వెర్షన్లలో ఈ చిప్ కుటుంబానికి ప్రోబ్‌లోనే ఓఎస్ఎఫ్‌ను తుడిచి, టైమ్ సెట్ చేయమని లాగ్‌లో ఒక హెచ్చరిక వదిలేవారు. లాగ్ చదివే మనిషి ఎదురుగా లేని యంత్రానికి ఆ హెచ్చరిక ఎందుకూ కొరగాదు. కొత్తగా రాసే డ్రైవర్‌కు దాన్ని నమూనాగా తీసుకోకపోవడమే మేలు.

రెండో జవాబు

రెండో చిక్కు సంగతి. మీ లాగ్‌లోని మూడు వరుసలే దాన్ని పూర్తిగా చెబుతున్నాయి. 10:59:59 నడుస్తుండగా మీ డ్రైవర్ సెకన్ల రిజిస్టర్ చదివి 59 తీసుకుంది. నిమిషాలు చదివేలోపు గడియారం 11:00:00కు మారింది, కాబట్టి నిమిషాలు 00 అనీ గంట 11 అనీ వచ్చాయి. మూడింటినీ కలిపితే ఎప్పుడూ లేని 11:00:59 తయారైంది. నిమిషం మారే ఏ క్షణంలోనైనా ఇది జరగవచ్చు. అర్ధరాత్రి జరిగితే తేదీ కూడా దెబ్బతింటుంది.

దీనికి లాక్ పెట్టినా ప్రయోజనం లేదు, ఎందుకంటే మారుతున్నది మీ ప్రోగ్రామ్ కాదు, చిప్. ఏడు రిజిస్టర్లనూ రెగ్‌మ్యాప్ (రిజిస్టర్లను చదివి రాసే కెర్నల్ సౌకర్యం) బల్క్ రీడ్‌తో ఒకే ఐ2సీ బదిలీలో చదవండి. స్టార్ట్ సంకేతం అందగానే డీఎస్3231 ఆ క్షణపు టైమ్‌ను పక్కన ఒక బఫర్‌లోకి తీసుకుని, చదవడం అయ్యేదాకా దాన్నే ఇస్తుంది. ఒక్కొక్క రిజిస్టర్‌నూ విడిగా అడిగితే ప్రతిసారీ కొత్త స్టార్ట్, కొత్త నకలు.

మరొకటి: సంవత్సరం రిజిస్టర్‌లో రెండంకెలే ఉంటాయి, కెర్నల్‌లో సంవత్సరాన్ని ఉంచే టీఎం_ఇయర్ మాత్రం 1900 నుంచి లెక్క, కాబట్టి 100 కలపాలి. నెల చిప్‌లో 1 నుంచి, కెర్నల్‌లో 0 నుంచి మొదలవుతుంది. నెల రిజిస్టర్ ఏడో బిట్ శతాబ్దానిది, దాన్ని మాస్క్ చేసి తీసేయకపోతే ఎప్పుడో ఒకనాడు వింత నెల వస్తుంది. పరిధిని రేంజ్_మిన్, రేంజ్_మ్యాక్స్‌లలో 2000 నుంచి 2099 వరకు అని ప్రకటిస్తే, దానికి బయటి తేదీలను కోర్ తానే తిరస్కరిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బల్క్ రీడ్ పెట్టి మళ్లీ రాత్రంతా నడిపాను, ఒక్క దూకుడు కూడా రాలేదు. మొదటి జవాబులోని అనుమానం నిజమే, ఆ ఫైల్ నుంచే ప్రోబ్‌ను అనుకరించాను. ఇప్పుడు బ్యాటరీ తీసి బూట్ చేస్తే హార్డ్‌వేర్ గడియారాన్ని చదవలేకపోయానని కెర్నల్ లాగ్‌లో చెబుతోంది, సిస్టమ్ టైమ్ 1970లో మొదలవుతోంది. నెట్‌వర్క్ నుంచి టైమ్ సరిపడ్డాక కొంతసేపటికి ఓఎస్ఎఫ్ దానంతట అదే 0 అయింది, నేను హెచ్‌డబ్ల్యూక్లాక్ (ఆర్‌టీసీలో టైమ్ రాసే కమాండ్) నడపలేదు. ఇది సరైన ప్రవర్తనేనా? బిట్‌ను తుడవడానికి రెగ్‌మ్యాప్ అప్‌డేట్ బిట్స్ వాడాను.

మొదటి జవాబు ఇచ్చినవారు

సరైనదే. సిస్టోహెచ్‌సీ ఆప్షన్ ఆన్‌లో ఉంటే, ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్) సరిపడిన సిస్టమ్ టైమ్‌ను కెర్నల్ సుమారు 11 నిమిషాలకోసారి ఆర్‌టీసీలోకి రాస్తుంది. అంటే మీ సెట్_టైమ్‌ను పిలిచింది కెర్నలే. 1970 చూడటానికి ఇబ్బందిగా ఉన్నా, ఎవరూ దాన్ని నిజమైన తేదీ అనుకోరు. 2000 జనవరి 1తో ఆ మోసం తేలికగా జరుగుతుంది.

అప్‌డేట్ బిట్స్‌ను మాత్రం మార్చండి. అదే స్టేటస్ రిజిస్టర్‌లో రెండు అలారం ఫ్లాగులు, ఏ1ఎఫ్, ఏ2ఎఫ్ ఉన్నాయి. వాటికి 0 రాస్తే చెరిగిపోతాయి, 1 రాస్తే ఉన్న విలువ మారదు. అప్‌డేట్ బిట్స్ ముందు రిజిస్టర్‌ను చదివి, తర్వాత రాస్తుంది. ఆ రెంటి మధ్యలో అలారం మోగితే, చదివినప్పటి 0నే తిరిగి రాసి, ఇంటరప్ట్ హ్యాండ్లర్ చూడకముందే ఆ అలారాన్ని మింగేస్తుంది. కాబట్టి మీరే చదివి, ఓఎస్ఎఫ్‌ను 0 చేసి, రెండు అలారం ఫ్లాగుల స్థానంలో 1లు ఉంచి రాయండి. 32 కిలోహెర్ట్జ్ అవుట్‌పుట్‌ను నడిపే మూడో బిట్‌ను చదివినదున్నట్టే వదిలేయండి.