పాత పేజ్‌మేకర్ ఫైళ్లకు లినక్స్‌లో వైన్ సరిపోతుందా, విండోస్‌ను అట్టిపెట్టుకోవాలా?

డీటీపీ కేంద్రం యజమాని:
2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగిపోయింది. మా రెండు కంప్యూటర్లూ విండోస్ 11కు సరిపోవు. అందుకే విండోస్‌కు బదులు లినక్స్ పెట్టి, విండోస్ ప్రోగ్రాములను అందులో నడిపే వైన్‌లో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ఎక్కించాను. పాత శుభలేఖ తెరిస్తే ‘శ్రీరస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, అర్థంకాని గుర్తులు! ఫాంట్లు ఎక్కించాక తెలుగు వచ్చింది గానీ, కీబోర్డు ప్రోగ్రామ్ పనిచేయక కొత్తగా ఒక్క అక్షరం కూడా పడడం లేదు. ఇరవై ఏళ్ల పని ఆ ఫైళ్లలోనే ఉంది.

వైన్ వాడుకరి:
వైన్‌ను తప్పు పట్టకండి. అది విండోస్‌ను అనుకరించే యంత్రం కాదు. ప్రోగ్రామ్ విండోస్‌ను అడిగే ప్రతి పనినీ లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చేయిస్తుంది. 1993లో మొదలైతే 1.0 వెర్షన్ రావడానికి 2008 దాకా పట్టింది. అదే పునాదిపై 2018లో ఆటల కంపెనీ వాల్వ్ తెచ్చిన ప్రోటాన్‌తో ఇప్పుడు వేలాది విండోస్ ఆటలు లినక్స్‌లో ఆడుతున్నారు. కీబోర్డు ప్రోగ్రామ్‌నూ పేజ్‌మేకర్‌నూ ఒకే వైన్ ఫోల్డర్‌లో పెట్టి చూశారా?

యూనికోడ్ పక్షం:
ఆటల సంగతి వేరు, అన్నం పెట్టే పని వేరు. పేజ్‌మేకర్ అభివృద్ధిని అడోబ్ 2004లోనే ఆపేసింది. ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్ ఓఎస్/2 కథ గుర్తు చేసుకోండి. 1992లో వచ్చిన 2.0 వెర్షన్ విండోస్ ప్రోగ్రాములను చక్కగా నడిపింది. దాంతో ఓఎస్/2 కోసం విడిగా ప్రోగ్రాములు రాయాల్సిన అవసరం చాలామందికి కనిపించలేదు. మనమూ ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు చూపే పాత ఫాంట్లనే మోసుకుంటూ పోతే, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్ పనిముట్లను అడిగేవారెవరు? పేజీలు కూర్చే ఉచిత ప్రోగ్రామ్ స్క్రైబస్‌లో కొత్త పని మొదలుపెట్టండి.

డీటీపీ కేంద్రం యజమాని:
ఒకే ఫోల్డర్‌లో పెట్టినా ఫలితం లేదు. స్క్రైబస్ నేర్చుకుంటాను. కానీ మాఘమాసం పెళ్లిళ్లకు కార్డులు అడిగేవారికి ‘నేర్చుకుంటున్నాను, ఆగండి’ అని ఎలా చెప్పను?

వైన్ వాడుకరి:
అయితే మీ దగ్గర లైసెన్సున్న పాత విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్‌లో పెట్టండి. ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి. అందులో విండోస్ మొత్తం ఉంటుంది కాబట్టి కీబోర్డు ప్రోగ్రామ్‌కు చిక్కు ఉండదు. మెమరీ కాస్త ఎక్కువ కావాలి.

యూనికోడ్ పక్షం:
దీనికి ఒప్పుకుంటాను, పాత ఫైళ్ల వరకే. తెరిచిన ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా దాచి, అందులోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి. కొత్త కార్డు ఒక్కటి కూడా అందులో చేయకండి.