సరుగుడు కర్ర లోడు దారిలో ఒరగకుండా ఎలా కట్టించాలి?

ప్రశ్న (సఖినేటిపల్లి, తోట రైతు):
అంతర్వేది వైపు ఇసుక భూమిలో మాకు సరుగుడు తోట ఉంది. ఈసారి కొట్టించిన కర్రను తొక్క ఒలిపించి, రాజమహేంద్రవరం కాగితపు మిల్లుకు నేనే లారీ మాట్లాడుకొని పంపిస్తున్నాను. మొదటి లోడు తాటిపాక దాటాక ఒక మలుపులో పై వరుస ఎడమవైపుకు ఒరిగి, నాలుగు కర్రలు రోడ్డు మీద పడ్డాయి. వెనుక వస్తున్న ఆటో అతను సమయానికి బ్రేకు వేయబట్టి ఎవరికీ ఏమీ కాలేదు గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డ్రైవరు వేగమే కారణమని మేస్త్రీ అంటున్నాడు, కట్టు వదులుగా ఉందని డ్రైవరు అంటున్నాడు. ఇంకా ఐదు లోడ్లు వెళ్లాలి. మోకులు చాలవా, గొలుసులే వేయించాలా? కూలీలు లోడు మీద కూర్చొని వస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

జవాబు 1 (రావులపాలెం, లారీ యజమాని, పూర్వం డ్రైవరు):
ఇద్దరి మాటా సగం నిజమేనండి. తొక్క తీసిన పచ్చి కర్ర సబ్బు ముక్కలా జారుతుంది, పైగా బయలుదేరిన మొదటి కొద్ది కిలోమీటర్లలోనే కుదుపులకు కర్రలు సందుల్లోకి సర్దుకొని లోడు అడుగుకు దిగిపోతుంది కాబట్టి, తోటలో ఎంత బిగించి కట్టిన మోకైనా అక్కడికి వచ్చేసరికి వదులవుతుంది. నైలాను మోకు దానికదే సాగుతుంది కూడా. అందువల్ల ఐదారు కిలోమీటర్ల దగ్గర ఒకసారి ఆపి, మళ్లీ బిగించి, ఆ తరువాతే వేగం అందుకోవాలి. మా రోజుల్లో టీ తాగడానికి ఆపేది కూడా ఇందుకేనని నేను కుర్ర డ్రైవర్లతో అంటే నవ్వుతారు.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. లోడు పైభాగం బల్లలా చదునుగా ఉంటే మోకు రెండు అంచుల కర్రలనే నొక్కుతుంది, నడుమ ఉన్నవి ఏ పట్టూ లేకుండా ఉండిపోతాయి. నడుమ కాస్త ఎత్తుగా, గుమ్మటంలా పేర్పిస్తే ఒత్తిడి అన్నిటి మీదా పడుతుంది. అంచు కర్రలు మాత్రం పక్కన నిలబెట్టిన గుంజల ఎత్తు దాటకూడదు. మీ పై వరుస గుంజల పైకి వెళ్లి ఉంటుందని నా అనుమానం. మోకుల బదులు గొలుసులు గాని, బిగింపు ఉన్న వెడల్పు బెల్టులు గాని వాడితే మేలు, ప్రతి కట్టకూ కనీసం రెండు పడాలి.

జవాబు 2 (కాకినాడ, రవాణా లెక్కలు చూసే ఉద్యోగి):
కట్టు ఎంత గట్టిగా ఉండాలన్నదానికి ఒక లెక్క ఉంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకూ, మలుపులో 50 శాతం బలంతో పక్కకూ తోస్తుందని భావించి ఐరోపా దేశాల్లో కట్టు ప్రమాణాలు రాసుకున్నారు. అంటే 10 టన్నుల కర్ర ఉంటే 8 టన్నుల తోపుడు డ్రైవరు వీపు వైపుకే వస్తుంది. క్యాబిన్ వెనుక ఇనుప అడ్డు బలంగా లేని లారీని, కిరాయి తక్కువని మాట్లాడుకోకండి. కర్రలు లారీ పొడవు వెంబడి పేర్చితే ఆ అడ్డుకు ఆనించి పేర్చాలి, ఖాళీ వదలకూడదు.

బరువు విషయంలో, 2018లో సవరించిన పరిమితి ప్రకారం రెండు ఇరుసుల లారీకి బండితో కలిపి 18.5 టన్నులు, మూడు ఇరుసుల దానికి 28.5 టన్నులు. మీ లారీ ఆర్‌సీలో రాసి ఉన్న అంకెనే చివరిమాటగా తీసుకోండి. పచ్చి కర్ర చూపుకు అంచనా వేసినదానికంటే ఎప్పుడూ ఎక్కువే తూగుతుంది గనుక ముందు కాటా వేయించడం మంచిది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా పడుతుంది. కర్రలు బాడీ దాటి పక్కలకు గాని వెనుకకు గాని పొడుచుకు వచ్చినా 20,000 రూపాయలే.

జవాబు 3 (కొత్తపేట, కలప యార్డు గుమాస్తా):
కూలీలను లోడు మీద కూర్చోనివ్వవద్దు, వేరే బండి పెట్టండి. జారే కర్ర మీద మనిషికి పట్టుకొనేందుకు ఏమీ ఉండదు, ఊళ్లలో కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతున్నాయో మీకు తెలిసిందే. కాలువ గట్టు రోడ్ల మీద ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఎడమ చక్రాలను మార్జిన్‌లోకి దింపితే, వాన తరువాత ఆ మట్టి కుంగి లోడు మొత్తం కాలువ వైపుకు వాలుతుంది. వెడల్పున్న చోట ముందే ఆగి దారి ఇవ్వమని డ్రైవరుకు చెప్పండి.

అయితే నేను యార్డులో చూసిన దెబ్బల్లో ఎక్కువ దారిలో తగిలినవి కావు, కట్టు విప్పేటప్పుడు తగిలినవి. దారిలో జరిగిన కర్ర మోకు మీద ఆనుకొని ఉంటుంది, మోకు విప్పగానే విప్పినవాడి మీదికే దొర్లుతుంది. ముందుగా లారీ చుట్టూ తిరిగి ఎటువైపు ఉబ్బిందో చూసి, అటువైపు మనుషులందరినీ తప్పించి, రెండోవైపు నుంచి విప్పాలి. యంత్రం ఉంటే దాని పట్టుతో పై వరుసను అదిమి ఉంచాకే విప్పించాలి.

ప్రశ్న అడిగిన రైతు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రెండో లోడు పంపించాను. గుంజల ఎత్తుకు మించకుండా పేర్పించి, నేనే వెనుక మోటారు సైకిలు మీద వెళ్లి మలికిపురంలో ఆపించి చూస్తే, తోటలో కదలనంత బిగువుగా ఉన్న మోకు జానెడు వదులయ్యింది. మిగిలిన లోడ్లకు బెల్టులు అద్దెకు మాట్లాడుతున్నాను.