డేట్ దాటిన సరుకుకి కొత్త స్టిక్కర్ కొట్టమంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న (నెల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లెటూరు. నెల్లూరులో ఒక పెద్ద రిటైల్ కంపెనీ స్టోర్‌లో మూడేళ్లుగా చేస్తున్నాను. ఆరు నెలల కిందట పప్పుల సెక్షన్‌కి సూపర్‌వైజర్‌ని చేశారు. కందిపప్పు, రవ్వ, శనగపిండి బస్తాల్లో వస్తాయి. మేమే కిలో, అరకిలో ప్యాకెట్లు కట్టి, తూకం మెషీన్‌లోంచి స్టిక్కర్ తీసి అంటిస్తాం.

పోయిన నెల శనగపిండి, రవ్వ ప్యాకెట్లు నలభై దాకా డేట్ దాటాయి. డంప్‌లో (పారేసే సరుకు లెక్కలో) రాయబోతే మేనేజర్ గారు ఆపారు. "ఈ నెల డంప్ ఇప్పటికే ఎక్కువైంది. పురుగు పట్టలేదు కదా, కవర్ మార్చి ఇవాళ్టి తేదీ కొట్టు" అన్నారు. నా లాగిన్‌తోనే కొట్టాను. తప్పని తెలిసే చేశాను. మర్నాడు మా వీధి పెద్దావిడ ఆ రవ్వే బుట్టలో వేసుకుంటుంటే చూడలేక, "అది వద్దు పెద్దమ్మా" అని చేతిలోంచి తీసుకుని వేరేది ఇచ్చాను. మిగతావాళ్లకి ఎవరు చెప్తారు?

ఇప్పుడు మళ్లీ చేయమంటున్నారు. చేయకపోతే ఆ నష్టం నా జీతంలో కోస్తారంట. ఇంట్లో నా జీతమే ఆధారం. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం పోకుండా దీంట్లోంచి ఎట్టా బయటపడాలి?

జవాబు (ఒంగోలు, రిటైల్ ఆడిట్‌లో పని చేసిన సభ్యుడు)

చెల్లెమ్మా, ముందు ఒక్క పని చెయ్యి. ఇవాళ్టి నుంచి నీ లాగిన్‌తో అలాంటి స్టిక్కర్ ఒక్కటి కూడా కొట్టొద్దు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. రేపు ఆడిట్‌కి వచ్చినవాళ్లకి మేనేజర్ నోటిమాట ఎక్కడా కనపడదు. ఏ రోజు, ఏ ఐడీ మీద లేబుల్ వచ్చిందో మాత్రం సిస్టమ్‌లో కనపడుతుంది. నేను చూసిన ఇలాంటి కేసుల్లో ముందు ఇరుక్కుంది కింది ఉద్యోగే.

చట్టం సంగతి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో 27వ సెక్షన్ ప్రకారం డేట్ అయిపోయిన తినే సరుకు అమ్మితే బాధ్యత అమ్మినవాళ్లదే. లేబుల్ మీద అబద్ధపు తేదీ వేస్తే అది వేరే నేరం, 52వ సెక్షన్ కింద 3 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. పురుగు పట్టిందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు.

జీతం కోత గురించి భయపడకు. వేతనాల కోడ్ 2019 చూడు, అంతకు ముందున్న 1936 చట్టమైనా ఇదే మాట: సరుకు నీకు అప్పజెప్పి ఉండాలి, నీ నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి, కోసే ముందు నీ వివరణ అడగాలి. షెల్ఫ్ మీద డేట్ దాటిన రవ్వ నువ్వు పోగొట్టిన సొమ్ము కాదు. అయినా కోస్తే పే స్లిప్ తీసుకుని జిల్లా కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లు.

ఇక ఫిర్యాదు. మీది స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ అయితే, కంపెనీల చట్టం 2013, 177వ సెక్షన్ ప్రకారం ఉద్యోగులు ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఉండి తీరాలి. ఫిర్యాదు చేసినవాళ్లని వేధించకుండా రక్షణ కూడా అందులోనే ఉండాలి. విజిల్ బ్లోయర్ పాలసీ అనే పేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో, ఇన్వెస్టర్ల పేజీలో వెతుకు. అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ చైర్‌పర్సన్‌కి రాసే దారి కూడా అందులో ఉంటుంది. మీ మేనేజర్‌కి పైనున్న ఏరియా మేనేజర్‌కి మాత్రం చెప్పొద్దు, డంప్ తగ్గించమన్న ఒత్తిడి అక్కణ్నుంచే వచ్చి ఉండొచ్చు.

మెయిల్ చిన్నగా, ఇలా రాయి: "ఫలానా తేదీన, ఫలానా షిఫ్ట్‌లో, డేట్ దాటిన ఇన్ని ప్యాకెట్లకి కొత్త తేదీ వేయమని స్టోర్ మేనేజర్ చెప్పారు. నా లాగిన్‌తో వేశాను. తప్పు చేశాను. మళ్లీ చేయమంటున్నారు, నేను చేయడం లేదు. ఆ రోజు సీసీటీవీ రికార్డింగ్, లేబుల్ మెషీన్ రిపోర్ట్ భద్రపరచండి." నీ తప్పు నువ్వే ముందు రాయడం చాలా ముఖ్యం. రికార్డింగ్ మాట కూడా వదలొద్దు, కొన్నాళ్లకి పాతది చెరిగిపోతుంది.

జవాబు (కందుకూరు నుంచి)

అన్నా, మీరు చెప్పినదాంట్లో ఒకటి నాకు నచ్చలేదు. కంపెనీ విచారణ ముగిసేలోపు జనం ఆ పిండి తింటూనే ఉంటారు. జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పాల్సిందే. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, కొన్నవాళ్లయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

జవాబు (ఒంగోలు)

మీ మాట న్యాయమే. షెల్ఫ్ మీద ఆ సరుకు ఇంకా ఉంటే ఆగకూడదు. ఒక సంగతి మాత్రం చెల్లెమ్మకి తెలియాలి. 2014లో వచ్చిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి మీద ఫిర్యాదుల కోసం రాసింది, ప్రైవేటు స్టోర్ వ్యవహారం దాని కిందికి రాదు. అందుకే మెయిల్ ముందు పడాలి. ఆ తర్వాత ఎవరైనా వేధిస్తే, ఎందుకు వేధిస్తున్నారో చూపించే కాగితం నీ చేతిలో ఉంటుంది. మెయిల్ ఉదయం, యాప్‌లో ఫిర్యాదు సాయంత్రం. వారం ఆగమని నేను అనడం లేదు.

ప్రశ్న (చీరాల నుంచి)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా స్టోర్‌లో డేట్ దగ్గరపడిన వాటికి ధర తగ్గించి స్టిక్కర్ వేస్తాం. అదీ తప్పేనా?

జవాబు (నెల్లూరు, పాత స్టోర్ మేనేజర్)

కాదమ్మా. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం ఎమ్మార్పీ తగ్గించే స్టిక్కర్ వేయొచ్చు, కంపెనీ అచ్చువేసిన అసలు ధర మాత్రం దానికింద కప్పబడిపోకూడదు. పెంచే స్టిక్కర్ అసలు వేయకూడదు. డేట్‌కి నెల ముందే అలా తగ్గించి అమ్మేస్తే ఈ డంప్ గొడవే ఉండదు. మేనేజర్లు చేయాల్సిన పని అది.

అసలు ప్రశ్న వేసినమ్మాయికి ఒక మాట. ఈసారి నోటితో చెప్తే వాట్సాప్‌లో మర్యాదగా అడుగు: "సార్, ఈ ప్యాకెట్లు డంప్ చేయనా, తేదీ మార్చమంటారా?" నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్నే. రాతలో "మార్చు" అనడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ప్రశ్న వేసినవారు (రెండు రోజుల తర్వాత)

అందరికీ దణ్ణాలు. మెసేజ్ పెట్టాను. నిమిషంలో "డంప్ చెయ్" అని వచ్చింది. పాత ప్యాకెట్లు షెల్ఫ్‌లో ఇంకా పదకొండు ఉంటే తీసి డంప్‌లో రాశాను. మెయిల్ పంపాను, రిఫరెన్స్ నంబర్ వచ్చింది. యాప్‌లో కూడా పెట్టాను. మేనేజర్ గారు మాట్లాడటం మానేశారు. అమ్ముడైపోయిన వాటి సంగతే మనసులో తొలుస్తోంది.

జవాబు (ఒంగోలు)

ఎన్ని అమ్ముడుపోయాయో ఆ లెక్క కూడా అదే మెయిల్ కింద ఇంకో ఉత్తరంగా పంపు. వెనక్కి తెప్పించే బాధ్యత కంపెనీది, వాళ్లకి లెక్క తెలియాలి. రిఫరెన్స్ నంబర్ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకో. స్టోర్ ఇచ్చిన ఫోన్‌లో ఒక్కచోటే ఉంచొద్దు.