రాత్రి డ్యూటీలో డాక్టరును ఏ దశలో పిలవాలి?

సర్జికల్‌వార్డు_సిస్టర్:
పేగు ఆపరేషన్ జరిగిన మరుసటి రాత్రి ఒక రోగికి శ్వాస నిమిషానికి 24, నాడి 104, పై బీపీ 108, జ్వరం 100.8 ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టకుండానే ఆక్సిమీటరు 97 చూపుతోంది. విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టేలా లేదు గానీ, మనిషి పొద్దుటిలా లేడు. ఇలాంటప్పుడు మీరు దేన్ని ఆధారం చేసుకుని డ్యూటీ డాక్టరును లేపుతారు?

ఇంగ్లండు_నర్సు:
సిస్టర్ గారూ, ఇక్కడి వార్డుల్లో న్యూస్-2 అనే పట్టిక వాడతాం; ఒక్కో కొలత మామూలు స్థాయి నుంచి ఎంత తప్పితే అన్ని మార్కులు వేసి కూడతాం. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన పట్టికను 2017లో సవరిస్తే వచ్చినది ఇది. మీరు రాసిన అంకెల్లో శ్వాసకు 2, నాడికి, బీపీకి, జ్వరానికి ఒక్కొక్కటి చొప్పున మొత్తం 5 వస్తుంది. 5కు చేరితే వైద్యుడు త్వరగా వచ్చి చూడాలి, 7కు చేరితే అత్యవసర బృందాన్ని పిలవాలి. రోగి కొత్తగా తికమకగా మాట్లాడుతుంటే ఆ ఒక్కదానికే 3 పడుతుంది. గర్భిణులకూ, 16 ఏళ్ల లోపు పిల్లలకూ మాత్రం ఇది పనికిరాదు.

ఐసీయూ_గుంటూరు:
పట్టిక మంచిదే గానీ, అందులో వేసే అంకె నిజమైనదై ఉండాలి కదా. కేస్‌షీట్లు తిరగేస్తే వార్డు మొత్తానికీ శ్వాస 18 లేదా 20 అనే రాసి ఉండడం మనందరం చూసిందే. లెక్కిస్తున్నామని తెలిస్తే రోగి ఊపిరి తీరు మారుతుంది కాబట్టి, నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, పూర్తి నిమిషం పాటు ఛాతీ కదలికను లెక్కపెడతాను. ఇంకొకటి, నాడి వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వంటి మాత్ర వాడే రోగికి లోపల రక్తస్రావమో ఇన్ఫెక్షనో ఉన్నా నాడి 84 దగ్గరే ఆగిపోవచ్చు. మిగతా అంకెలు మీ రోగివే అయినా అప్పుడు పట్టికలో మొత్తం 4 దాటదు, అంతమాత్రాన ఊరుకోకూడదు. మూత్రం సంచి కూడా చూడండి: 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గుతూ వస్తే నేను ఆగను.

సర్జికల్‌వార్డు_సిస్టర్:
మూత్రం రెండు గంటలుగా తగ్గింది, అది ముందే రాయాల్సింది. ఫోనులో ఏమని చెప్పాలి?

ఇంగ్లండు_నర్సు:
“పేషెంటు బాగోలేడు సర్” అంటే ఎవరూ లేవరు. ఎవరు, ఏ ఆపరేషన్, సాయంత్రం అంకెలెంత, ఇప్పుడెంత, మీరు దేన్ని అనుమానిస్తున్నారు అన్నవి వరుసగా చెప్పి, “ఇప్పుడే వచ్చి చూడాలి” అని స్పష్టంగా అడగండి. పిలిచిన సమయాన్నీ, వచ్చిన జవాబునూ నోట్సులో రాసి, రాకపోతే పై డాక్టరుకు చేయండి.