ఎమ్మెల్యేలకు ట్రెజరీ లాగిన్ అడిగితే, అందులో ఏమేం అడగాలి?

కొత్త_పీఏ:
ప్రభుత్వ ఖర్చుల వివరాలు శాసనసభ్యులు నేరుగా చూసుకునేలా లాగిన్ ఇవ్వాలని వినతిపత్రం రాస్తున్నాం. ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలు ఏపీలో సీఎఫ్‌ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్ ఉన్నాయి కాబట్టి డేటా ఉన్నట్టే కదా. "మా నియోజకవర్గంలో రోడ్లకు ఎంత ఖర్చయింది?" అంటే జవాబు రావాలి. ఏ కాలమ్‌లు అడగాలి?

పద్దుల_పంతులు:
ఒట్టి లాగిన్‌తో ఆ జవాబు రాదండి. బిల్లు నడిచేది డీడీఓ (డబ్బు డ్రా చేసి చెల్లించే అధికారి) కోడ్ మీద, పద్దు (ఏ రకం ఖర్చో చెప్పే లెక్కల కోడ్) మీద. నియోజకవర్గం మీద కాదు. ఒక ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) కింద మూడు నియోజకవర్గాలుంటే మూడింటి బిల్లులూ ఒకే కోడ్‌లో పడతాయి. అందుకే ప్రతి బిల్లుకూ వర్క్ ఐడీ, అగ్రిమెంట్ నంబరు, మండలం, గ్రామం అడగండి. మండలం ఒక్కటే చాలదు, కొన్ని మండలాలు రెండు నియోజకవర్గాల్లో ఉన్నాయి.

తర్వాత తేదీలు: పరిపాలనా అనుమతి, బడ్జెట్ విడుదల, బిల్లు పెట్టినది, పాసైనది, ఖాతాలో పడినది. ప్రెస్‌మీట్లో చెప్పేది మొదటిది, కాంట్రాక్టరు ఎదురుచూసేది చివరిది.

రోడ్లంటే పద్దు నంబర్లు 3054 (ఎక్కువగా నిర్వహణ), 5054 (పెట్టుబడి వ్యయం) చూసి ఆగిపోకండి. పంచాయతీరాజ్ పనులు 2515, 4515 కింద కూడా ఉంటాయి.

ఎం_బుక్:
పంతులుగారు చెప్పినదానికి తోడు పెండింగ్ బిల్లుల కాలమ్ తప్పనిసరి. మన ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో ఉంటాయి, డబ్బు కదిలితేనే ఖర్చు. రోడ్డు పూర్తయి, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) రికార్డయి, బిల్లు క్యూలో ఉన్నా లెక్కలో సున్నాయే.

దీనికి తిరగేసిన మెలిక పీడీ ఖాతా (పర్సనల్ డిపాజిట్: అధికారి పేరిట ట్రెజరీలో నిధులు నిల్వ ఉంచే ఖాతా). మార్చిలో నిధులు ఆ ఖాతాల పద్దు 8443-106లోకి మార్చితే అసలు పద్దులో ఖర్చయినట్టే చూపిస్తుంది, ఊళ్లో తట్ట మట్టి కూడా పడి ఉండదు. పీడీ నిల్వలు విడిగా రాకపోతే ఆ పట్టిక నమ్మదగ్గది కాదు.

కొత్త_పీఏ:
లబ్ధిదారుల పేర్లు బయటపడతాయని ఆర్థిక శాఖ అడ్డు చెప్పదా?

పద్దుల_పంతులు:
పింఛన్లు, స్కాలర్‌షిప్పుల దగ్గర పేర్లు, ఆధార్, ఖాతా నంబర్లు తీసేసి మండలం వారీ మొత్తాలిస్తే సరిపోతుంది. కాంట్రాక్టు బిల్లులకు ఆ సాకు చెల్లదు.

గ్యాలరీ_పాస్:
నా మాట వేరు. ఏపీలో 175 మందికి, తెలంగాణలో 119 మందికి లాగిన్లిచ్చినా తెరిచేవాళ్లు పది మంది ఉంటే గొప్ప. నెలనెలా ఒక సీఎస్‌వీ (సాదా పట్టిక) ఫైలు శాసనసభ సచివాలయానికి పంపమని అడగండి. పీఏసీ (ప్రజా పద్దుల కమిటీ), అంచనాల కమిటీ సిబ్బందికీ అదే ఫైలు పనికొస్తుంది.

ఈలోగా కాగ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీ నెలవారీ కీలక సూచికలు చూడొచ్చు. అవి ఆడిట్ కాని అంకెలు, పద్దు లోతుకు వెళ్లవు. ఇవి కోట్లలో, డిమాండ్ల పుస్తకం (శాఖలవారీ బడ్జెట్ కేటాయింపులు) వేలల్లో, కలిపేముందు చూసుకోండి. సభలో ప్రశ్న వేస్తే "ఎంత మంజూరు చేశారు" అనకండి, "ఫలానా తేదీ నాటికి చెల్లించినది, పెండింగ్‌లో ఉన్నది విడివిడిగా" అని రాయండి.

ఫైలు చేతికొచ్చాక ఎక్సెల్‌లో నేరుగా తెరవొద్దు. పద్దు పూర్తి కోడ్ 15 అంకెలు దాటితే చివరివి సున్నాలైపోతాయి, 0029 కాస్తా 29 అవుతుంది. డేటా ట్యాబ్ నుంచి దిగుమతి చేసి ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి.