మూడో తరగతి ఇంగ్లీష్ క్లాసులో సమానత్వం గురించి ఎలా చెప్పాలి?

కోసిగి_టీచర్:
అందరికీ నమస్కారం. కోసిగి వైపు ఒక పల్లెలో మూడో తరగతికి ఇంగ్లీష్ చెప్తున్నాను. మా దగ్గర ఏటా చాలా ఇళ్ళు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, అమ్మానాన్నలతో పాటు పిల్లలు కూడా. వాళ్ళు తిరిగి వచ్చేసరికి పాఠాలు ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటాయి. ఊళ్ళోనే ఉండి ట్యూషన్‌కి పోయే పిల్లలు టకటకా చదివేస్తుంటే వీళ్ళు వెనక గోడకు ఆనుకుని కూర్చుంటారు. మొన్న జంటలుగా మాట్లాడుకోమంటే ఒక పాప "వీనికి ఇంగ్లీష్ రాదు మేడం, వీనితో నేను చేయను" అనేసింది. పక్కనున్న పిల్లాడు పలక మీద ఉన్నదంతా చెరిపేసి తల దించుకున్నాడు. ఆ పాపను తిట్టాలని లేదు, ఎనిమిదేళ్ళ పిల్ల, పెద్దవాళ్ళు మనుషుల్ని ఎలా లెక్కగడుతున్నారో అదే నేర్చుకుంది. కానీ ఒకరికి అందింది ఇంకొకరికి ఎందుకు అందలేదు అనే ఆలోచన ఈ వయసులోనే పడాలని నాకు గట్టిగా ఉంది. దానికి వేరే పీరియడ్ లేదు. పిల్లలకు వచ్చిన నాలుగు ఇంగ్లీష్ ముక్కలతో ఇంత పెద్ద విషయం ఎలా చెప్పాలి?

కర్నూలు_నాన్న:
ముందు చదవడం రానివ్వండి మేడం. ఇవన్నీ పెద్దయ్యాక వాళ్ళకే తెలుస్తాయి కదా.

కడప_మాస్టర్:
నాన్న గారూ, ఖోఖోలో ఒక్క వంతు తప్పితే ఊరంతా వినిపించేలా గొడవపడే వయసు అది. వాళ్ళకు తెలియని విషయమేం కాదు.

మేడం, శరీర భాగాల పాఠం వచ్చినప్పుడు ఈ ఆట ఆడించండి, చాలా చోట్ల టీచర్లు చేసేదే. ఒక్కొక్కరు ఒక్కో దెబ్బ ఊహించుకుని రావాలి. ఒకరు "మై నీ హర్ట్స్" అంటారు, ఇంకొకరు "మై హెడ్ హర్ట్స్". మీరు ఏం విన్నా సరే అందరికీ ఎడమ మోచేతికే గుడ్డపీలిక కట్టండి. కాసేపటికే గోల మొదలవుతుంది, "నో మేడం, హెడ్! హెడ్!" అని. అందరికీ ఒకేలా కట్టాను కదా అనండి, ఊరుకోరు. అప్పుడు "ఈజ్ ఇట్ ఫెయిర్?" అని అడగండి. మాటలు చాలకపోతే తెలుగులోనే చెప్పనివ్వండి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉన్న పుస్తకాలు ఇచ్చింది కూడా అందుకే కదా. ఇది ఆడాక, సుగ్గి నుంచి వచ్చిన పిల్లలను మీరు కాసేపు విడిగా కూర్చోబెట్టుకుంటే మిగతావాళ్ళు "వాళ్ళకేం ఎక్కువ" అనరు.

ఇంకోటి, బాలల దినోత్సవానికి ఒక కథ. 1960లో సరిగ్గా నవంబర్ 14నే, అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ళ నల్లజాతి పాప అప్పటిదాకా తెల్లపిల్లలకే ఉన్న బడిలో అడుగుపెట్టింది. చాలామంది తమ పిల్లలను బడి మాన్పించారు. బార్బరా హెన్రీ అనే టీచర్ ఆ ఏడాదంతా ఆ ఒక్క పాపకే పాఠం చెప్పింది. "రూబీ ఈజ్ సిక్స్. షీ గోస్ టు స్కూల్. నో వన్ సిట్స్ విత్ హర్." ఈ మూడు వాక్యాలు మూడో తరగతికి బరువేం కాదు.

సుగ్గి_ఇంటి_బిడ్డ:
అక్కా, నేనూ సుగ్గికి పోయిన ఇంటి నుంచే వచ్చాను, ఇప్పుడు ఆదోనిలో ఉద్యోగం. దయచేసి "సెలవుల్లో ఎక్కడికి పోయావు, పొద్దున ఏం తిన్నావు" అని వరసగా లేపి మాత్రం అడగొద్దు. ఒకరు బర్త్‌డే కేక్ గురించి చెప్పి కూర్చుంటే, వెంటనే వీడు లేచి పరదాపట్ట గుడిసెలో పడుకున్నామని చెప్పాలా? అన్యాయం గురించి చెప్పడానికి రూబీ ఉంది, గుడ్డపీలిక ఉంది, ఎదురుగా కూర్చున్న పిల్లాడి ఇల్లు ఎందుకు? వాడే చేయి ఎత్తితే వేరే సంగతి. అప్పుడు బాగా వినండి, మిరప కల్లం గురించి ఆ క్లాసులో వాడికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇంకో మాట, పోయిన పాఠాలు మళ్ళీ చెప్పకుండా ఎన్ని ఆటలు ఆడించినా వాడికి దక్కేదేం లేదు.

అనంత_స్పానిష్:
మాది అనంతపురం, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ విదేశీ భాషల స్కూల్లో స్పానిష్ నేర్చుకున్నాను. ఇంగ్లీష్‌తో వచ్చిన చిక్కేమంటే ట్యూషన్ ఉన్న పిల్ల ముందే సగం దూరం పోయి ఉంటుంది. స్పానిష్ అయితే మీ క్లాసులో ఎవరి ఇంట్లోనూ లేదు, అందరూ సున్నా దగ్గరే నిలబడతారు. ఒక ఐదు నిమిషాలు మొత్తం స్పానిష్‌లోనే మాట్లాడి, ప్రశ్నలు వేసి, జవాబు రాకపోతే ఇంకొకరిని అడుగుతూ పోండి. తర్వాత తెలుగులో అడగండి, ఎలా అనిపించిందని. ట్యూషన్ పిల్లలకు బహుశా అదే మొదటిసారి అవుతుంది, ఏమీ అర్థంకాక కూర్చోవడం. దానికంటే నాకు నచ్చింది ఇంకోటి ఉంది: ముందురోజు సాయంత్రం ఆ వెనక గోడ పిల్లలకు ఉనో, దోస్, త్రెస్ అని పది దాకా నేర్పేయండి, మరుసటి రోజు క్లాసుకు నేర్పేది వాళ్ళే.

కోసిగి_టీచర్:
అందరికీ చాలా థాంక్స్. తమ్ముడూ, వరసగా లేపి అడగడం మాత్రం చేయను, మాట ఇస్తున్నాను. గుడ్డపీలికల ఆట సోమవారమే. పాత పాఠాలకు మధ్యాహ్న భోజనం తర్వాత టైమ్ తీస్తాను, హెడ్మాస్టర్ గారితో మాట్లాడాలి. స్పానిష్ అంకెలు మీ గొంతుతో రికార్డ్ చేసి ఇక్కడ పెట్టగలరా, పది దాకా, కొంచెం నిదానంగా? వినిపించడానికి నా ఫోన్ చాలు.