ఈఎఫ్ 38 ఉన్న మనిషికి గుండె ఎంఆర్ఐ అవసరమా?

కావలి వాసి: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండేళ్ల క్రితం గుండెపోటు వస్తే స్టెంటు వేశారు. మొన్నటి ఎకోలో ఈఎఫ్, అంటే ఒక్కో స్పందనకు ఎడమ జఠరిక తనలోని రక్తంలో బయటకు నెట్టే వంతు, 38 శాతమని వచ్చింది. ఒక డాక్టరుగారు ఎంఆర్ఐ తీయించి కండరంలో మచ్చ ఎంత ఉందో చూస్తే గుండె లయ తప్పే ప్రమాదం అంచనాకు వస్తుందన్నారు. మరొకరు 35 దాటింది కాబట్టి మందులు చాలన్నారు. చెన్నై వెళ్లి తీయించాలా, వద్దా?

ఒంగోలు మాస్టారు: అక్కర్లేదండీ. ఈఎఫ్ 35 లేదా అంతకన్నా తక్కువైతే ఐసీడీ, అంటే లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసే పరికరం, పెట్టాలన్న ఆ గీత ఎవరో సరదాకు గీసినది కాదు, పరిశోధనలను బట్టి గీసినది. వాటిలో ఒకటైన, 2002లో వెలువడిన మాడిట్-2 పరిశోధనలో గతంలో గుండెపోటు వచ్చి, ఈఎఫ్ 30 లేదా అంతకన్నా తక్కువ ఉన్న 1,232 మందిని పరిశీలించారు. ఐసీడీ పెట్టినవారిలో 14.2 శాతం, పెట్టనివారిలో 19.8 శాతం మరణించారు. మచ్చను చూసి పరికరం పెడితే ఇలా మనుషులు బతికారని చూపిన అంత పెద్ద పరిశోధన ఉంటే చూపించండి, నేనే టికెట్ కొనిస్తాను.

ఉదయగిరి: హోల్టర్, అంటే పగలూ రాత్రీ గుండె లయను నమోదు చేసే చిన్న యంత్రం, పెట్టించారా?

పెన్నా గట్టు: మాస్టారూ, హఠాత్తుగా పోయేవారిలో ఎక్కువమంది మీ గీతకు పైనున్నవారే, ఎందుకంటే గుండెజబ్బు ఉన్నవారిలో వారి సంఖ్యే పెద్దది. మా అన్నయ్య ఈఎఫ్ 45. భోగి రోజు తెల్లవారుజామున పెరట్లో పళ్లు తోముకుంటూ కూలిపోయాడు. ఆయనకు ఏ గీత అడ్డుపడింది?

స్కాన్ గది: నేను ఎంఆర్ఐ విభాగంలో పనిచేస్తాను, కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. చేతి నరానికి గాడోలినియం అనే, బొమ్మలో తేడా తెలిసేలా చేసే మందు ఎక్కించి, సుమారు పది నిమిషాలు ఆగి, ‘ఊపిరి వదలండి, బిగపట్టండి’ అంటూ ఒక్కొక్క బొమ్మ తీస్తాము. బతికున్న కండరం నల్లగా, చచ్చి మచ్చగా మారినది తెల్లగా కనిపిస్తుంది. అయితే మచ్చ అంచుల్లో చచ్చిన కండరం మధ్య బతికిన పోగులు కొన్ని చిక్కుకుని ఉంటాయి. వాటిలో విద్యుత్తు మెల్లగా పాకి, తిరిగి బయలుదేరిన చోటికే చేరి, సుడిలా తిరగడం మొదలుపెడితే జఠరిక విపరీతమైన వేగంతో కొట్టుకుంటుంది. ఈఎఫ్ గుండె బలాన్ని చెబుతుందే గాని ఆ సుడికి చోటు ఉందో లేదో చెప్పదు. మచ్చ ఎక్కువగా ఉన్నవారిలో ప్రమాదం ఎక్కువన్నది చాలా పరిశోధనల్లో కనిపించింది. అయినా, మచ్చ ఉన్న ప్రతివారికీ లయ తప్పుతుందని కాదు.

ఒంగోలు మాస్టారు: బొమ్మ సంగతి సరే, అసలు ఆ 38 నిజమేనా? అదే గుండెను ఇద్దరు ఎకో చేస్తే నాలుగైదు అంకెల తేడా రావడం మామూలే. ముందు మరోచోట ఎకో చేయించండి.

పెన్నా గట్టు: అయిదు అంకెలు అటూ ఇటూ పోయే కొలతతోనేనా మీరు 35 దగ్గర మనుషులను రెండుగా చీల్చేది?

ఒంగోలు మాస్టారు: మాట తిప్పకండి. మీ అన్నయ్యకు స్కాన్ తీసి, మచ్చ కనిపించి ఉంటే ఏం చేసేవారు? 2004 నాటి డైనమిట్ పరిశోధనలో, గుండెపోటు వచ్చిన 40 రోజుల లోపే పరికరం పెడితే లయ తప్పి పోయేవారు తగ్గారు గాని మొత్తం మరణాలు తగ్గలేదు. ప్రమాదం తెలియడం వేరు, తప్పించగలగడం వేరు.

పెన్నా గట్టు: మీ ఇంట్లో మనిషి పోయి ఉంటే ఇలా అంకెలు అప్పజెప్పేవారు కాదు.

ఒంగోలు మాస్టారు: మా ఇంటి సంగతే చెబుతాను, వినండి. మా ఆవిడకు ఈఎఫ్ 28 కాబట్టి ఐసీడీ పెట్టించాము, అది అవసరమే. కానీ కిందటేడు పైగదులు లయ తప్పి గుండె వేగం పెరిగితే, ఆ పరికరం దాన్ని ప్రాణాంతకమైన లయగా పొరబడి మూడుసార్లు షాక్ కొట్టింది. ఇడ్లీ పాత్రలో పిండి వేస్తున్న మనిషి గరిటె వదిలేసి గోడకు ఆనుకుపోయింది. ఈనాటికీ ఒంటరిగా పొయ్యి దగ్గరకు వెళ్లదు. అవసరమో కాదో తేలని మనిషికి ఒక తెల్లటి మచ్చను చూపించి ఆ భయాన్ని అంటగట్టవద్దన్నదే నా బాధ.

పెన్నా గట్టు: నేను పరికరం గురించి పోట్లాడటం లేదండీ. అన్నయ్యకు ఎంఆర్ఐ తీయించమని రాసిన చీటీ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఆయన కంగారుపడతాడని దాచింది నేనే. పరికరం వద్దనేవాడేమో, చెన్నైకే రాననేవాడేమో, అదంతా ఆయన ఇష్టం. ఆ మాట అనే అవకాశమే నేను ఇవ్వలేదు.

ఒంగోలు మాస్టారు: నేను మా ఆవిడను అడిగే పెట్టించాను. అందుకే మీ మాటకు ఎదురు చెప్పలేను. స్కాన్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

కావలి వాసి: మేము కూడా 38 అన్న సంగతి నాన్నగారికి చెప్పలేదు. ఇది చదివాక ఈ రాత్రి భోజనాల దగ్గర రెండు వైపులా చెప్పాను. కాసేపు ఊరకుండి, మోకాళ్ల నొప్పులతో ఆ గొట్టంలో ఎంతసేపు పడుకోవాలో కనుక్కోమన్నారు.

స్కాన్ గది: ముప్పావు గంట నుంచి గంట. మోకాళ్ల కింద దిండు పెడతారు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు, స్టెంటు కార్డు తీసుకువెళ్లండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి గాడోలినియం ఇవ్వడానికి ముందు ఆలోచిస్తారు.